పోయినదీ, పోగొట్టుకున్నదీ

ఈసారి ఒక కంప్యూటర్ గురించి మాట్లాడుకుందాం. ధమ్మానికీ కంప్యూటర్‌కీ ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. మనిషి చేతిలో ఉన్న ప్రతి పనిముట్టుకీ ధమ్మంతో సంబంధం ఉంది. చేతిలో తక్కెడ ఉంటే ఎలా తూచావు అన్న ప్రశ్న ఉంటుంది. కత్తి ఉంటే దేనికి వాడావు అన్న ప్రశ్న ఉంటుంది. పదిమంది ఉత్తరాలు నీ దగ్గర ఉంటే, వాటిని ఎలా కాపాడావు అన్న ప్రశ్న కూడా ఉంటుంది.

నేను ఆ ప్రశ్న దగ్గర తప్పాను. ఎలా తప్పానో ముందు చెబుతాను. ఆ తర్వాత మనం కలిసి ఒక విషయం తేల్చుకుందాం. అన్నీ అనిత్యమే అని తెలిసినవాడు దేన్నైనా ఎందుకు దాచిపెట్టుకోవాలి? దాచుకోవడం తృష్ణ అవుతుందా, బాధ్యత అవుతుందా?

జరిగిన సంగతి

2012లో మాట. మా సంఘం ఆఫీసు అంటే ఒక అద్దె గది, రెండు కుర్చీలు, ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్. స్కాలర్‌షిప్ రాని పిల్లలు, కూలి డబ్బులు ఎగ్గొట్టబడిన వాళ్లు, నష్టపరిహారం కోసం తిరిగేవాళ్లు మా దగ్గరికి వచ్చేవారు. వాళ్ల తరఫున అర్జీలు రాసి, కాయితాలు స్కాన్ చేసి, అధికారులకు ఈమెయిల్ పంపేవాణ్ణి. కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ, మెయిల్ కోసం ఔట్‌లుక్. నాలుగేళ్ల ఉత్తరాలు అందులోనే ఉన్నాయి.

కంప్యూటర్‌కి వైరస్ పట్టింది. ఆన్ చేస్తే పావుగంటకు గానీ తెరుచుకునేది కాదు. బాగుచేసే కుర్రాణ్ణి పిలిచాను. ఇరవై ఏళ్లుంటాయేమో. చూసి, "ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించాలన్నా. సీ డ్రైవ్‌లో కావాల్సినవి ఏమన్నా ఉన్నాయా?" అని అడిగాడు. నేను ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాను. "మై డాక్యుమెంట్స్ తీసి పక్కన పెట్టు, మిగతాది కొట్టెయ్" అన్నాను. అతను అలాగే చేశాడు. డెస్క్‌టాప్ మీది ఫోటోలు కూడా అడక్కుండానే దాచాడు. మంచి కుర్రాడు.

సాయంత్రం ఔట్‌లుక్ తెరిస్తే ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంది.

నాకు తెలియనిది ఇది. ఔట్‌లుక్ ఉత్తరాలన్నిటినీ పీఎస్‌టీ అనే ఒకే ఒక్క ఫైల్‌లో పెడుతుంది. ఎక్స్‌పీ రోజుల్లో ఆ ఫైల్ మై డాక్యుమెంట్స్‌లో ఉండేది కాదు. మన పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల, మామూలుగా కంటికి కనిపించని మరో ఫోల్డర్‌లో ఉండేది. మేం పెట్టుకున్న అకౌంట్ పీఓపీ పద్ధతిది. ఉత్తరం కంప్యూటర్‌లోకి దిగగానే సర్వర్ మీద చెరిగిపోయేలా ఉంది. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం ఇచ్చేశాక పోస్టాఫీసులో దాని కాపీ ఉండదు కదా, అలా. అంటే నాలుగేళ్ల ఉత్తరాలకు లోకంలో ఉన్న కాపీ ఒకటే. దాన్ని నేనే కొట్టెయ్యమన్నాను.

ఆ కుర్రాణ్ణి పిలిచి అరిచాను. "నీకు తెలియదా, అడగొద్దా?" అన్నాను. అతను అడిగాడు. నాకు గుర్తుంది. అయినా అరిచాను. అతను తల దించుకుని, డబ్బులు తీసుకోకుండా వెళ్లిపోయాడు.

పది రోజుల అబద్ధం

పొలంలో తెగిపడిన కరెంటు తీగ తగిలి ఒక కూలీ చనిపోయాడు. ఆయన భార్య పరిహారం కోసం అర్జీ పెట్టింది. అర్జీ అందినట్టు ఇచ్చిన రసీదు నా చేతికి తెచ్చింది. నేను స్కాన్ చేసి మెయిల్‌కి జతచేసి పంపాను. తర్వాత ఆఫీసు గుమాస్తా ఫైల్‌లో పెట్టాలి అంటే, అసలు రసీదు అతనికే ఇచ్చేశాను. నా మెయిల్‌లో కాపీ ఉంది కదా అన్న ధీమా. సరిగ్గా ఇప్పుడు ఆ ఆఫీసు వాళ్లు "మీ అర్జీ మాకు కనబడ్డం లేదు, ఎప్పుడు పెట్టారో రుజువు తెండి" అంటున్నారు.

ఆమె వచ్చి అడిగింది. నేను "చూస్తున్నానక్కా, పై ఆఫీసులో ఆలస్యమవుతోంది" అన్నాను. మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. మళ్లీ అదే మాట. ఒక రోజు కూలి మానుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చిన మనిషికి అబద్ధం చెప్పి పంపాను. ఉపాసకుడిగా పంచశీలాలు తీసుకున్నవాణ్ణి. నాలుగో శీలం ఏమిటో సభల్లో పదిమందికి వివరించినవాణ్ణి.

పదో రోజున ఇక ఉండలేక నిజం చెప్పాను. నీ రసీదు కాపీ పోయిందక్కా, నా వల్లే పోయింది అన్నాను. ఆమె ఏడుస్తుంది, తిడుతుంది అనుకున్నాను. ఆమె కొంగు ముడి విప్పుకుంటూ, "మొదటి రోజే చెబితే పోయేదేముంది తమ్ముడూ? నీకిచ్చే ముందే జిరాక్సు తీయించాగా. ఒకటి మా ట్రంకు పెట్టెలో ఉంది. మా ఇంటి కప్పు కారుద్దని ఇంకోటి మా తమ్ముడింట్లో పెట్టా" అంది. కాసేపాగి, "పది రోజులు తిప్పావు గదయ్యా" అంది. అంతే.

ఆ రెండో మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆమె చదువుకోలేదు. నేను డిగ్రీ చదివాను. కాయితం విలువ ఆమెకు తెలిసింది, నాకు తెలియలేదు. కాయితం ఒక్కటే ఉంటే అది లేనట్టే అని ఆమెకు జీవితం నేర్పింది. కంప్యూటర్ నిపుణులు ఒక సూత్రం చెబుతారు. ముఖ్యమైన దానికి మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి అని. ఆమె ఆ సూత్రం వినకుండానే ఆ పని చేసింది.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఫార్మాట్ కొట్టినంత మాత్రాన డిస్క్ మీద ఉన్నది వెంటనే చెరిగిపోదట. చాలాసార్లు పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు అవుతుందంతే, లోపలి పేజీలు కొంతకాలం అలాగే ఉంటాయి. కొత్త ఫైళ్లు వాటి మీద రాసుకుంటూ పోయేకొద్దీ పాతవి మాయమవుతాయి. తెలిసిన మిత్రుడొకరు, "ఫార్మాట్ అయిన రోజే కంప్యూటర్ ఆపేసి నాకు చెప్పి ఉంటే కొంతైనా దొరికేది. పది రోజులు దాని మీదే పనిచేశావు కదా" అన్నాడు. నా తప్పు ఎవరికీ తెలియకూడదని నేను మామూలుగా పని చేసుకుపోయిన ఆ పది రోజులే, దొరికే అవకాశాన్ని కూడా చెరిపేశాయి. తప్పును దాచడమంటే ఇదే మిత్రులారా. దాచిన ప్రతి రోజూ దిద్దుకునే దారి కొంచెం కొంచెం మూసుకుపోతుంది.

ఆమెకు పరిహారం ఆలస్యంగానైనా వచ్చింది. కానీ అందరి కథా అలా ముగియలేదు. ఒక విద్యార్థి స్కాలర్‌షిప్ గురించి కాలేజీతో జరిగిన ఉత్తరాలన్నీ ఆ ఫైల్‌లోనే ఉన్నాయి. వాటికి జిరాక్సులు లేవు. అతని తరఫున మేం మళ్లీ నిలబడలేకపోయాం. ఆ అబ్బాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మా గదికి మళ్లీ రాలేదు.

అనిత్యం అంటే ఏమిటి?

అప్పట్లో నన్ను ఓదార్చడానికి ఒక మిత్రుడు అన్నాడు: "అన్నీ అనిచ్చమే కదా, ఉత్తరాలు ఒక లెక్కా? వదిలెయ్." వినడానికి బాగుంది. నాక్కూడా ఆ మాట వెనక దాక్కోవాలనిపించింది. కానీ ఆలోచించండి. అనిచ్చం అంటే కారణాల వల్ల పుట్టినది కారణాల వల్ల నశిస్తుంది అని. నశించేదాన్ని నిర్లక్ష్యం చెయ్యమని అందులో ఎక్కడుంది? గడ్డి కప్పు ఏదో ఒక రోజు పాడవుతుంది కాబట్టే, వానలు రాకముందే కొత్త గడ్డి కప్పుతాం. పాడుకాని కప్పు ఉంటే దాని గురించి ఎవరూ ఆలోచించరు.

మహాపరినిబ్బాన సుత్తంలో బుద్ధుడు భిక్షువులకు చెప్పిన చివరి మాటలు మీకు తెలుసు. కూడినవన్నీ విడిపోయేవే అన్నది అందులో ఒక సగం. కాబట్టి అప్పమాదంతో, అంటే ఏమరుపాటు లేకుండా, పని పూర్తి చేసుకోండి అన్నది రెండో సగం. మనం మొదటి సగం గోడ మీద రాసుకుంటాం. రెండో సగం మర్చిపోతాం. మొదటి సగం ఒక్కటే పట్టుకుంటే అది సోమరితనానికి సాకు అవుతుంది.

అందుకే నేను రెండు మాటల్ని వేరుచేసి చూడ్డం నేర్చుకున్నాను. పోయినది వేరు, పోగొట్టుకున్నది వేరు. చేతనైనదంతా చేశాక కూడా చెయ్యి దాటిపోయింది పోయినది. దానికి దుఃఖపడి లాభం లేదు. అక్కడ అనిచ్చాన్ని తలుచుకోవాలి. చెయ్యగలిగింది చెయ్యక జారవిడిచింది పోగొట్టుకున్నది. అక్కడ ముందు తప్పు ఒప్పుకోవాలి. ఇతరుల దుఃఖం మన చేతిలో ఉన్నప్పుడు వాళ్లతో "అనిచ్చం" అనే హక్కు మనకు లేదు. పోయింది వాళ్లది.

మన ధమ్మం మన దాకా ఎలా వచ్చింది?

ధమ్మం ఈ రోజు మన చేతిలో ఉందంటే, ఎవరో కాపాడితేనే ఉంది. బుద్ధుని తర్వాత శతాబ్దాల తరబడి బోధనలు నోటి మీదే నిలిచాయి. దీఘనికాయం ఒక బృందం, మజ్ఝిమనికాయం ఒక బృందం, ఇలా పంచుకుని వల్లించేవారు. వాళ్లను భాణకులు అన్నారు. కలిసి వల్లించడంలో ఒక మేలు ఉంది. ఒకరు ఒక మాట తప్పితే పక్కవాడు పట్టుకుంటాడు. దాచామా లేదా అని మాత్రమే కాదు, దాచింది సరిగ్గా ఉందా లేదా అని రోజూ చూసుకునేవారన్నమాట.

శ్రీలంకలో కరువూ యుద్ధమూ వచ్చినప్పుడు వల్లించే భిక్షువులు తగ్గిపోయారు. మహానిద్దేసం అనే గ్రంథం ఒకే ఒక్క భిక్షువుకు నోటికి మిగిలిందని అట్టకథ చెబుతుంది. ఆయన నడవడి మంచిది కాదు. ఆయన దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి ఒక థేరుడు ఇష్టపడలేదు. ఈయన పోతే గ్రంథం పోతుంది అని తోటివారు నచ్చజెప్పారు. చివరికి నేర్చుకున్నాడు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో, వట్టగామణి అభయ రాజు కాలంలో, త్రిపిటకాలను గ్రంథస్థం చేశారు. మాతలే దగ్గర అలువిహారంలో ఆ పని జరిగిందని సంప్రదాయం. అనిచ్చం తెలియక రాయలేదు వాళ్లు. తెలుసు కాబట్టే రాశారు.

మన నేలతో ముడిపడ్డ కథ ఇంకొకటి ఉంది. ఆచార్య నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకు సుహృల్లేఖ రాశాడని సంప్రదాయం. అంటే మిత్రుడికి రాసిన ఉత్తరం. ఆ ఉత్తరానికి సంస్కృత మూలం ఇవాళ లేదు. టిబెటన్, చైనా అనువాదాల్లోనే మిగిలింది. మన దగ్గర పోయినదాన్ని దూరదేశాల వాళ్లు తమ భాషలో భద్రంగా దాచి మనకు తిరిగిచ్చారు. నా విషయంలోనూ చిన్నగా అదే జరిగింది. నేను పంపిన ఉత్తరాల కాపీలు కొన్ని ఒక వకీలు మిత్రుడి దగ్గర దొరికాయి, కొన్ని హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడి దగ్గర దొరికాయి. వాళ్లు చెరపకుండా ఉంచారు కాబట్టి దొరికాయి. కల్యాణమిత్రులు అంటే మంచి మాటలు చెప్పేవాళ్లు మాత్రమే కాదు, మనం పోగొట్టుకున్నదాన్ని తమ దగ్గర ఉంచి ఇచ్చేవాళ్లు కూడా.

చెయ్యాల్సిన పని

ఇప్పుడు మీరు ఏం చెయ్యాలో చెబుతాను. సంఘం పని చేసేవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవండి.

కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ ఎక్కించే ముందు, మీ ఉత్తరాలు అసలు ఎక్కడున్నాయో కనుక్కోండి. ఔట్‌లుక్ అయితే పీఎస్‌టీ ఫైల్ వెతకండి. 2010 నుంచి వచ్చిన ఔట్‌లుక్‌లలో అది మామూలుగా డాక్యుమెంట్స్ లోపల "ఔట్‌లుక్ ఫైల్స్" ఫోల్డర్‌లో ఉంటుంది. పాతవాటిలో దాగి ఉంటుంది. అకౌంట్ సెట్టింగ్స్‌లో "డేటా ఫైల్స్" అన్న చోట చూస్తే దారి కనిపిస్తుంది. థండర్‌బర్డ్ వాడితే "ప్రొఫైల్స్" ఫోల్డర్ మొత్తం తీసుకోవాలి. ఔట్‌లుక్ పూర్తిగా మూసేశాకే కాపీ చెయ్యండి. తెరిచి ఉండగా చేస్తే కాపీ కాకపోవచ్చు, లేదా పాడైన కాపీ రావచ్చు.

ఓఎస్‌టీ అనే ఫైల్ కనిపిస్తే దాన్నే నమ్ముకుని కూర్చోకండి. అది సర్వర్‌లో ఉన్నదానికి అద్దం లాంటిది. అలాగే ఐమ్యాప్ అకౌంట్ ఉంటే అన్నీ సర్వర్‌లో ఉన్నాయి కదా అనుకోకండి. ఒక చోట చెరిపితే అన్ని చోట్లా చెరిగిపోతుంది. అద్దంలో కనిపించేది రెండో మనిషి కాదు. జీమెయిల్ వాడేవాళ్లు గూగుల్ టేకౌట్ ద్వారా ఉత్తరాలన్నిటినీ దించుకోవచ్చు. రెండేళ్ల పాటు తెరవని అకౌంట్లను తీసేయవచ్చని గూగుల్ 2023లో నియమం పెట్టింది. చనిపోయిన కార్యకర్త అకౌంట్లో సంఘం కాయితాలు ఉంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

కాపీ చేశాక దాన్ని మరో కంప్యూటర్‌లో తెరిచి, రెండు మూడు పాత ఉత్తరాలు, వాటికి జతచేసిన కాయితాలు వస్తున్నాయో లేదో చూడండి. భాణకులు చేసిన పని ఇదే. తెరిచి చూడని కాపీ కాపీ కాదు, ఆశ మాత్రమే. చూశాకే ఫార్మాట్ కొట్టనివ్వండి. తిరిగి ఎక్కించేటప్పుడు ఔట్‌లుక్‌లో ఫైల్ మెనూలోకి వెళ్లి డేటా ఫైల్‌ను తెరిస్తే చాలు. సీడీ మీద దాచినదైతే చదవడానికి మాత్రమే వీలయ్యే గుర్తుతో రావచ్చు. ఫైల్ మీద ఆ టిక్కు తీసేస్తే తెరుచుకుంటుంది.

ఇంకొక్క మాట. ఆ ఫైల్‌లో ఉన్నవి మీ రహస్యాలు కావు, పదిమందివి. ఒకరి కులం సర్టిఫికెట్, ఒకరి బ్యాంకు నంబరు, ఒక ఆడకూతురు భర్త మీద పెట్టిన ఫిర్యాదు. పెన్‌డ్రైవ్‌కి పాస్‌వర్డ్ పెట్టండి. పాత కంప్యూటర్ అమ్మేముందు ఫార్మాట్ కొట్టాం కదా అని ఊరుకోకండి. పేజీలు లోపల ఉంటాయని ఇందాక చెప్పుకున్నాం.

ఏది తిరిగి పెట్టాలి?

వకీలు మిత్రుడు పంపిన కట్టలో ఒక పాత ఉత్తరం కూడా వచ్చింది. సంఘంలో గొడవైనప్పుడు నాతో పనిచేసినతను నన్ను తిడుతూ రాసింది. నేను అంతకంటే ఘాటుగా జవాబిచ్చాను. అదీ ఉంది. ఇద్దరం చాలాకాలం మాట్లాడుకోలేదు. వాటిని మళ్లీ ఫోల్డర్‌లో పెట్టాలా?

అంగుత్తరనికాయంలో బుద్ధుడు మూడు రకాల మనుషుల గురించి చెప్పాడు. ఒకడి కోపం రాతి మీద చెక్కిన గీత. ఒకడిది నేల మీద గీత, గాలికో నీటికో చెరుగుతుంది. ఒకడిది నీటి మీద గీత, గీస్తుండగానే మాయమవుతుంది. ఆ రెండు ఉత్తరాల్నీ మూడు చోట్ల దాచడమంటే, కోపాన్ని నా చేత్తో నేనే రాతి మీదికి ఎక్కించడం. ఆమె రసీదును రాతి మీద చెక్కాలి. నా కోపాన్ని నీటి మీద రాయాలి. మనం ఎక్కువసార్లు తిరగేసి చేస్తాం. ఇతరుల కష్టాన్ని నీటి మీద రాస్తాం, మనకు జరిగిన అవమానాన్ని రాతి మీద చెక్కుకుంటాం.

కాబట్టి దాచేముందు నేను ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుంటాను. ఇది ఉంటే ఎవరి దుఃఖం తగ్గుతుంది? జవాబు దొరికితే మూడు కాపీలు. దొరక్కపోతే ఒక్కటి కూడా అక్కర్లేదు. దాచుకోవడం తృష్ణా, బాధ్యతా అన్న మన ప్రశ్నకు నా జవాబు ఇదే. నా కోసం పట్టుకుంటే తృష్ణ. ఇంకొకరి కోసం పట్టుకుని, వాళ్ల పని తీరగానే వదలగలిగితే బాధ్యత.

ఆ రెండు ఉత్తరాలు చెరిపేశాను. అతనికి ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తాడు.

కంప్యూటర్ బాగుచేసిన కుర్రాడి షాపుకి కూడా వెళ్లాను. ఆ రోజు ఇవ్వని డబ్బులు ఇచ్చి, నువ్వు అడిగావు, నేనే సరిగ్గా చెప్పలేదు అన్నాను. అతను నవ్వి, "ఇప్పుడు ఎవరు ఫార్మాట్ అన్నా, మెయిల్ ఎందులో చూస్తారని ముందు అడుగుతున్నానన్నా" అన్నాడు. నా పొరపాటు వల్ల అతను నేర్చుకున్నది ఎంతమంది ఉత్తరాలను కాపాడిందో నాకు తెలియదు.

మిత్రులారా, ఈ పుస్తకం చదవడం అయిపోయాక ఒక పని చెయ్యండి. ఎవరి కాయితం మీ దగ్గర ఒకే ఒక్కటి ఉందో గుర్తు చేసుకోండి. ఈ రోజే దానికి రెండో కాపీ తీసి, ఆ మనిషి చేతికి ఇవ్వండి.